ఖాళీగా ఉండలేని కారు

మా ఆయన పనిచేసే ఆఫీసులో ఇరవై ముగ్గురు ఉద్యోగులుండేవారు. అక్కడ ఒక్క క్షణం కూడా ఖాళీగా ఉండలేనిది మాత్రం ఒక్కటే. కారు.

ఈ మాట నేను హాస్యానికి అనడం లేదు. రికార్డుల్లో ఉంది. అది రికార్డుల్లోకి ఎలా ఎక్కిందో చెప్పాలంటే ముందు నా తప్పు ఒప్పుకోవాలి.

ఆ ఆఫీసు పేరు ప్రాంతీయ తాటాకు వికాస మండలి. తాటాకు వికసించడం నేనెప్పుడూ చూడలేదు గానీ, మండలి మాత్రం పెద్ద వసారా, ఆరు గదులు, పన్నెండు బీరువాలతో దివ్యంగా వికసించింది. మా ఆయన దక్షిణామూర్తి గారు అందులో సూపరింటెండెంటు. ఆయన పైన ప్రాంతీయ సంచాలకులు పరాంకుశరావు గారు. ఈయన ఫైలు ఎలా రాస్తారో అలాగే మాట్లాడతారు. ఇంట్లో కూడా "చారు విషయమై ఉప్పు ఆవశ్యకత పరిశీలించవలసియున్నది" అంటారని వాళ్ళావిడే నాతో చెప్పుకుంది.

ఆ ఏడు శ్రావణమాసంలో పై ఆఫీసు నుంచి వారం తేడాలో రెండు ఉత్తర్వులు వచ్చాయి. ఒకటి, ఆ నెలంతా ఏ కాగితం మీదా ఒక్క ఇంగ్లీషు మాట కనపడకూడదు. రెండోది, అలసత్వ నిర్మూలన. ప్రతి ఆఫీసూ తమలో ఒక్క క్షణమైనా ఖాళీగా ఉండలేని ఉద్యోగిని ఒకరిని గుర్తించి, పేరు పంపాలి. రెండోది కష్టమని తేలిపోవడంతో అందరూ మొదటిదాని మీద పడ్డారు. టైపిస్టు ముద్రాక్షరి అయిపోయింది. సంచాలకుల వారు "తేనీరు" తెమ్మంటే అటెండరు పాపం ఊరంతా తిరిగి తేనె కొనుక్కొచ్చి, నీళ్ళలో కలిపి ఇచ్చాడు. ఆయన తాగారు. తన ఉత్తర్వు తాను తాగక తప్పుతుందా.

అలాంటి రోజుల్లో డ్రైవరు ఏసుపాదం కారు పుస్తకంలో రెండు ముక్కలు రాశాడు: "బండికి ఐడ్లింగ్ లేదు. మెకానిక్‌కి చూపించాలి."

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. కారు నిలబడి ఉన్నప్పుడు ఎక్సలేటరు మీద కాలు తీసేసినా ఇంజను ఆగిపోకుండా సన్నగా ఆడుతూ ఉండాలి. దాన్ని ఇంగ్లీషు వచ్చినవాళ్ళు ఐడ్లింగ్ అంటారు. రానివాళ్ళు స్లో అంటారు. ఈ కారుకి అది లేదు. కాలు తీస్తే చాలు, నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోయేది. అందుకని ఏసుపాదం ఆగిన చోటల్లా ఒకే కుడికాలితో, మడమ బ్రేకు మీదా వేళ్ళు ఎక్సలేటరు మీదా పెట్టి, కూచిపూడి భంగిమలో కూర్చునేవాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. మోకాలు కొబ్బరిబొండంలా వాచిపోయింది.

ఆ పేజీ ఇంగ్లీషు మాటల చుట్టూ ఎర్ర సున్నాలు చుట్టించుకుని వెనక్కొచ్చింది. మా ఆయన దాన్ని ఇంటికి తెచ్చారు. నేను బి.ఎ.లో స్పెషల్ తెలుగు చదివానన్న సంగతి ఆయనకు ఇలాంటప్పుడే గుర్తొస్తుంది.

"ఏమోయ్, ఐడిల్ అంటే తెలుగులో ఏమిటి?"

నేను పులుసులోకి ఉల్లిపాయలు తరుగుతున్నాను. "ఖాళీగా ఉండటం."

"మరి ఐడ్లింగ్ లేదంటే?"

"ఖాళీగా ఉండలేకపోతోందని."

ఆయన కళ్ళజోడు మీంచి చూశారు. "నవ్వుతున్నావా?"

"లేదండీ. ఉల్లిపాయలు."

ఆయన రాసుకున్నారు: "సదరు వాహనము ఒక్క క్షణమైనను ఖాళీగా ఉండలేకపోవుచున్నది. తగు నిపుణునికి చూపవలెను." నేను వద్దనొచ్చు. అనలేదు. పులుసు మరుగుతోంది, మనసుకు హాయిగా ఉంది. నా తప్పంటే అదే.

మర్నాడు పరాంకుశరావు గారు ఆ కాగితాన్ని మూడుసార్లు చదివి, అంచున ఇలా రాశారు: "ఖాళీగా ఉండలేకపోవుట లోపమా, సుగుణమా? సుగుణమైన పక్షమున నిపుణుని అవసరమేమి?" అప్పుడాయనకు రెండో ఉత్తర్వు గుర్తొచ్చింది. వచ్చినప్పటినుంచీ పేరు దొరక్క సొరుగులో మూలుగుతున్న ఉత్తర్వు.

ఇక చూడండి. కారుకి కడియపు బంతిపూల దండ వేశారు. బానెట్ మీద గంధం పూశారు. దాని ఫొటో తీయించి, "ఈ మాసపు శ్రమవీర" అని రాసి, వసారాలో మేకు కొట్టి తగిలించారు. ఏసుపాదం ఆగలేక చేతులు కట్టుకుని ముందుకొచ్చాడట.

"అయ్యా, అది గుణం కాదండి. జబ్బండి, బాబూ."

"పనిచేయవలెనను తపన జబ్బా, ఏసుపాదం?"

"కాలు తీత్తే ఆగిపోద్దండి."

"చూచితిరా!" అని పరాంకుశరావు గారు సిబ్బంది వైపు తిరిగారు. "పనియున్న పనిచేయును, లేనిచో ఆగిపోవును. నడుమ ఊరక గుర్రు గుర్రుమనుచు కాలక్షేపము చేయుట దానికి చేతకాదు. మీలో ఎవరికైనను ఈ గుణము కలదా?"

ఎవరికీ లేదని ఒప్పుకున్నారు.

ఉద్యోగి అన్నాక హాజరు ఉండాలి గదా. హాజరుపట్టీ నేలమీద పరిచి, ముందు చక్రానికి సిరా పూసి, దాని మీదుగా నడిపించారు. చక్రం ముద్ర అందరి పేర్ల మీదుగా పడింది. ఆ రోజున ఆఫీసుకి రానివాళ్ళు కూడా కారు పుణ్యాన హాజరయ్యారు.

హాజరున్నాక సీనియారిటీ ఉండాలి. లెక్క తీస్తే కారు మండలిలో చేరింది మా ఆయన కంటే ఎనిమిదేళ్ళు ముందు. కొత్త జాబితాలో దాని పేరు పైన, ఆయన పేరు కింద. ఆ మధ్యాహ్నం భోజనానికి వచ్చి, మజ్జిగలో రెండుసార్లు ఉప్పు వేసుకున్నారు.

"ఇంతకాలం సర్వీసు చేసి, చివరికి కారు కింద పనిచెయ్యాలా నేను?"

"కారు కింద పనిచేసేది మెకానిక్కేనండీ. మీరు కాదు," అన్నాను.

ఆయన నవ్వలేదు. కొన్ని మాటలు ఇంట్లో అనకూడదు.

తర్వాత సిబ్బంది అంతా ఆ కారును ఆదర్శంగా తీసుకోవాలని ఇంకో కాగితం తిరిగింది: "పనియున్నపుడు పనిచేయుడు. లేనపుడు పూర్తిగా ఆగిపోవుడు." ఇందులో మొదటి సగం ఎవరికీ సరిగ్గా బోధపడలేదు. రెండో సగం మాత్రం చూడగానే అర్థమైంది. పదకొండయ్యేసరికి అందరూ ఎక్కడివాళ్ళక్కడ పూర్తిగా ఆగిపోయేవారు. పని మీద వచ్చిన జనం బల్లల దగ్గర నిలబడి "ఏవండీ, ఏవండీ" అని దగ్గి దగ్గి విసిగిపోతుంటే, ముద్రాక్షరి జాలిపడి ఒక బోర్డు రాసి పెట్టింది: "ఇద్దరు కలిసి వెనుక నుండి తోసిన కదలగలరు."

ఇదంతా మా ఆయన చెబుతుంటే నేను కూరలు తరుగుతూ హాయిగా వింటూ వచ్చాను. ఏసుపాదం మా పెరటి వసారాలోకి కుంటుకుంటూ వచ్చిన రోజున మాత్రం ముందున్న కత్తిపీట పక్కకు జరిపేశాను.

"అమ్మగారూ, నాకు మెమో ఇచ్చేరండి," అన్నాడు, మెట్టు మీద కూలబడి. "అదేదో సంజాయిషీ తాఖీదంట. పేరు మార్చినా మెమోయే కదండీ?"

"ఎందుకిచ్చారు?"

"మోకాలు బాధ ఓర్సుకోలేక మన అబ్బుల్ని పిలిసేనండి." అబ్బులు ఊళ్ళో పేరున్న మెకానిక్. "ఆడు బానెట్టెత్తి సూసి, 'ఎక్కడో ఎయిరు పట్టేత్తంది బాబాయ్, ముందు స్లో స్క్రూ తిప్పి సూద్దాం' అని స్క్రూడైవరు పెట్టేడండి. సరిగ్గా అప్పుడే దొరగారు వచ్చి నిలబడ్డారు. 'ఏమి చేయుచున్నావు?' అన్నారు. ఈడికి బుర్ర ఉంటే కదండీ, 'స్లో పెడతన్నానండి' అన్నాడు!"

నేను నుదురు కొట్టుకున్నాను.

"అంతేనండి. 'మా ఉత్తమ ఉద్యోగికి స్లో పెడతావా! ఎవరు పంపినారు నిన్ను?' అని కేకలు. అబ్బులు స్క్రూడైవరు అక్కడే వదిలేసి గోడ దూకి పారిపోయేడు. నేనెక్కడికి పారిపోతానండీ, ఈ కాలేసుకుని?"

కాగితం తీసి ఇచ్చాడు. "శ్రమవీర బిరుదాంకితమైన వాహనమును మందగింపజేయుటకు కుట్రపన్నినందులకు మీపై చర్య ఏల తీసుకొనరాదు?" అని ఉంది. జవాబుకు గడువు వారం. ఏసుపాదం రిటైరయ్యేది పది రోజుల్లో.

"ముప్పై ఒక్క ఏళ్ళండమ్మా. ఒక్క మెమో లేదు. ఓసారి మేక అడ్డం పడితే, అది కూడా బతికి బయటపడింది నా సేతిలో. సర్వీసు పుస్తకంలో శిక్షల పేజీ ఉంటాది సూడండి, అది తెల్లగా ఉంది. దిగిపోయే రోజున అది మా మార్తమ్మకి సూపిద్దామనుకున్నానండి. దానికి సదువు రాదు. తెల్లకాయితం మాత్రం గుర్తుపడతాది."

ఆ పేజీ మీద పడబోయే సిరా నా ఉల్లిపాయల పీట దగ్గర నుంచే బయలుదేరింది మరి.

"జవాబు నేను రాసిస్తాను," అన్నాను.

"వద్దండమ్మా," అన్నాడు వెంటనే. "ఆ 'ఖాళీ' ముక్క మీరు సెప్పిందేనంట. మీ తెలుగు బాగా సదువుకున్నోళ్ళకి పనికిరాదండి."

నిజమే.

ఆరు రోజులు కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. స్లో అంటే మందం. మందం అంటే బద్ధకం. ఖాళీ అంటే సోమరితనం. ఏ మాట రాసినా ఏసుపాదం మెడకే చుట్టుకుంటోంది. ఆరో రోజున పై ఆఫీసు నుంచి అదనపు సంచాలకుల వారు స్వయంగా వస్తున్నారని తెలిసింది. శ్రమవీరను కళ్ళారా చూసి, రాష్ట్రం మొత్తానికీ ఆదర్శంగా ప్రకటించడానికి. కుట్రదారు మీద చర్య కూడా ఆయన చేతులమీదుగానే.

మర్నాడు పొద్దున్న నేను బజారు నుంచి రిక్షాలో వస్తుంటే రైల్వే గేటు పడింది. ముందు చూస్తే మండలి కారు. దండ ఇంకా ఉంది, వాడిపోయి. వెనక సీట్లో పరాంకుశరావు గారు, పక్కన బట్టతల పెద్దమనిషి. ఆయనే అదనపు సంచాలకులని ఫైళ్ళ కట్ట చూసి గ్రహించాను. ముందు సీట్లో మా ఆయన. స్టీరింగు ముందు ఏసుపాదం, రెండు కాళ్ళూ దగ్గరగా ముడుచుకుని, బడిపిల్లాడిలా. నిలబడినప్పుడు ఎక్సలేటరు మీద కాలు వేయరాదని, వాహనపు సహజ స్వభావాన్ని పెద్దలకు ఉన్నదున్నట్టు చూపించాలని పరాంకుశరావు గారి ఆజ్ఞ అట.

వాహనం తన సహజ స్వభావం చూపించింది. నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోయింది.

"గమనించితిరా! పనిలేదు గనుక ఆగినది," అన్నారు పరాంకుశరావు గారు.

"అద్భుతము," అన్నారు అదనపు సంచాలకులు.

గూడ్సు బండి వెళ్ళింది. గేటు లేచింది. కారు లేవలేదు. ఏసుపాదం తాళం తిప్పాడు. కుయ్యిమంది, అంతే. వెనక లారీవాడు హారన్ మీద పడుకున్నాడు. వాడి వెనక బస్సు, దాని వెనక గడ్డిబండి.

"పనియున్నది గదా ఇప్పుడు? ఏల కదలదు?" అన్నారు అదనపు సంచాలకులు.

"తొయ్యాలండి," అన్నాడు ఏసుపాదం. "నేను దిగితే స్టీరింగెవరు పట్టుకుంటారండీ? అయ్యగార్లే..."

ఇద్దరు కలిసి వెనుక నుండి తోసిన కదలగలరు. సంచాలకులూ, అదనపు సంచాలకులూ, మా ఆయనా దిగి తోశారు. "ఆయ్, ఇంకొంచెం వంగండి బాబూ, నడుం పట్టదు!" అని మా రిక్షావాడు సీటు మీంచి సలహా ఇచ్చాడు. కారు పది గజాలు దొర్లి, ఒక్క గంతు వేసి స్టార్టయ్యింది. సరిగ్గా అప్పుడే గేటు మళ్ళీ పడింది. ఆగిపోతే ఇంకోసారి తోయాలన్న భయంతో ఈసారి ఎవరూ ఆజ్ఞలు గుర్తుచేయలేదు. ఏసుపాదం కాలు ఎక్సలేటరు మీదకి వెళ్ళింది. మోకాలు నొప్పికి మొహం చిట్లించాడు. అసలేమిటో చూడమని అదనపు సంచాలకులు అంటే మా ఆయన వెళ్ళి బానెట్ ఎత్తారు.

అప్పుడు వినపడింది నాకు. ఇంజను మోత అడుగున సన్నగా, స్స్‌స్‌మని.

ఆ చప్పుడు నాకు తెలుసు. పద్నాలుగేళ్ళుగా వింటున్నాను. గ్యాస్కెట్ నెర్రె ఇచ్చినప్పుడు కుక్కర్ చేసే చప్పుడది. ఎంతసేపున్నా విజిల్ రాదు, పక్కనుంచి ఆవిరి పోతూ ఉంటుంది, పప్పు ఉడకదు. అబ్బులు "ఎయిరు పట్టేత్తంది" అన్నది దీన్నే అయివుండాలి. పాపం, గోడ దూకకుండా ఇంకో ఐదు నిముషాలుంటే వాడే కనిపెట్టేవాడు.

మునక్కాడలు రిక్షాలో వదిలేసి, కొంగు నడుంలో దోపుకుని వెళ్ళాను.

"నువ్వేమిటిక్కడ?" అన్నారు మా ఆయన.

"ఒక్క నిముషం జరగండి."

ఫ్యానుకి దూరంగా చెవి పెట్టి వెతికాను. వేలి లావున రబ్బరు పైపు ఒకటి ఇంజను వైపు వెళుతోంది. దాని అడుగున పగులు. కుక్కర్లో ఆవిరి బయటికి పోతుంది, ఇక్కడ గాలిని లోపలికి పీలుస్తోంది, అంతే తేడా. పగులు మీద వేలు పెట్టి గట్టిగా నొక్కాను. స్స్‌మనడం ఆగింది.

"ఏసుపాదం, కాలు తియ్యి!"

"ఆగిపోద్దండమ్మా!"

"తియ్యవయ్యా!"

తీశాడు. ఇంజను ఒకసారి తడబడింది, సర్దుకుంది, తర్వాత సన్నగా, ఒకే తీరుగా, మధ్యాహ్నం భోజనం చేసిన పెద్దమనిషి గురకలా ఆడటం మొదలుపెట్టింది.

"తీసేసేనండమ్మా!" అని ఏసుపాదం లోపల్నుంచి అరిచాడు. "రెండు కాళ్ళూ పైకెట్టేసేను! ఆగలేదు!"

పరాంకుశరావు గారి మొహం పాలిపోయింది. "ఇది... ఇది ఖాళీగా ఉన్నది!"

అదనపు సంచాలకులు కట్టలోంచి కాగితం తీశారు. "ఖాళీగా ఉండలేకపోవుచున్నదని గదా మీ నివేదిక? ఈ వాక్యము వ్రాసినదెవరు?"

మా ఆయన నా వైపు చూశారు. తర్వాత నేల వైపు చూశారు. తర్వాత, ఇది చెప్పుకోవాలి, "నేనేనండి" అన్నారు. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో ఆయన నా తప్పు తన మీద వేసుకోవడం అదే మొదలు. నా వేలి కింద పైపు వెచ్చగా కొట్టుకుంటోంది. ఇంజను చూస్తుంటే, ఆరు రోజులుగా కాగితం మీద దొరకని మాట అదే గుర్రు గుర్రుమంటూ చెబుతున్నట్టనిపించింది.

"ఖాళీగా లేదండీ," అన్నాను. "నిలకడగా ఉంది."

లారీవాడు హారన్ ఆపాడు.

"నిలకడ," అన్నారు అదనపు సంచాలకులు, నోట్లో వేసుకున్న పటికబెల్లం ముక్కలా చప్పరిస్తూ. "పరభాషా పదము కాదు గదా?"

"కాదండీ."

"అట్లయిన ఇంతకాలమూ దీనికి లేనిది?"

"నిలకడండీ."

"ఆ చోదకుడు దీనికి పెట్టింపబోయినది?"

"అదేనండీ. ఇంగ్లీషు రానివాళ్ళు స్లో అంటారు."

ఆయన పరాంకుశరావు గారి వైపు తిరిగారు. "అనగా నిలకడ లేని దానికి బిరుదిచ్చి, నిలకడ నేర్పబోయినవానికి తాఖీదిచ్చినారు."

పరాంకుశరావు గారు క్షణం ఆలోచించారు. అంత వేగంగా ఆయన ఆలోచించడం ఎవరూ చూడలేదట. "దీని నిలకడ విషయమై నాకు మొదటినుండియు సందేహము కలదు," అన్నారు. "సదరు తాఖీదు ఇప్పుడే రద్దగుచున్నది."

మా రిక్షావాడు సీటు కిందనుంచి సైకిల్ ట్యూబు ముక్క ఒకటి తెచ్చి ఇచ్చాడు. ఏసుపాదం దాన్ని పగులు మీద బిగించి చుట్టాక నా వేలికి విముక్తి దొరికింది. వెనక్కెళ్ళి చూస్తే రిక్షాలో మునక్కాడలు లేవు. పక్కన ఒక మేక నములుతూ నిలబడింది. ఏసుపాదం చేతిలో బతికి బయటపడ్డది అదే కాకపోవచ్చు గానీ, మొహం మాత్రం అలాగే ఉంది.

తాఖీదు రద్దయిందంటే దానికో నంబరు ఖాళీ అయినట్టు. ఖాళీ అన్న మాటే పనికిరాని నెల కాబట్టి, అదే నంబరుతో కారుకి ఇచ్చారు: "ఇంతకాలము నిలకడ లేక ప్రవర్తించినందులకు రెండు దినములలో సంజాయిషీ ఇచ్చుకొనవలెను." వైపరు కింద దోపి సంతకానికి చక్రం ముద్ర తీసుకున్నారు. కారు జవాబివ్వలేదు. అందుకు దాన్ని సీనియారిటీ జాబితాలో అందరికన్నా కిందికి దించేశారు. ఆ పూట మా ఆయన మజ్జిగలో ఉప్పు ఒక్కసారే వేసుకున్నారు.

నెలాఖరున సాయంత్రం మా గుమ్మం ముందు కారు ఆగింది. ఆగిందంటే కదలడం మానేసింది, ఇంజను మాత్రం నడుస్తూనే ఉంది. రిటైరయినవాళ్ళను ఆఖరి రోజున ఆఫీసు కారులోనే ఇంటి దగ్గర దింపడం మండలి ఆచారం. తనను తనే దింపుకుంటున్నాడు ఏసుపాదం. మెళ్ళో దండ, వెనక సీట్లో మార్తమ్మ. తలుపు తెరిచి, రెండు కాళ్ళూ బయటికి చాపుకుని కూర్చుని, సర్వీసు పుస్తకంలో ఆ పేజీ తీసి భార్య ఒళ్ళో పెట్టాడు.

ఆవిడ అటు తిప్పింది, ఇటు తిప్పింది. వేలితో తడిమి చూసింది.

"ఏటయ్యా, ఇందులో ఏం లేదుగా?"

"అదేనే!" అన్నాడు ఏసుపాదం.

ఇంజను సన్నగా ఆడుతూనే ఉంది.

వాళ్ళు వెళ్ళాక మా ఆయన లోపల్నుంచి ఒక కాగితం పట్టుకుని వచ్చారు. మాసం పూర్తయినా ఉత్తర్వు ఇంకో నెల పొడిగించారట. "ఏమోయ్, గేర్ న్యూట్రల్లో ఉంచడాన్ని తెలుగులో ఏమనాలి?"

"నన్నడక్కండి," అన్నాను. "నాకు ఖాళీ లేదు."

అప్పుడు నేను వీధి గుమ్మంలో కాళ్ళు చాపుకుని, చేతిలో ఏ పనీ లేకుండా కూర్చుని ఉన్నాను. మంచి నిలకడ మీద ఉన్నాను.